ముప్పై ఎనిమిదో సీసా

ముప్పై ఏడు ఊళ్లలోని ముప్పై ఏడు మంచినీళ్ల బావుల్లో ఒకే రోజు, ఒకే పాళ్లలో విషం బయటపడింది.

బయటపెట్టింది కొత్త మిషను. చూసింది హైమావతి. టైము మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. జిల్లా బావినీటి పర్యవేక్షణ కేంద్రంలో అప్పటికి టీ కూడా రాలేదు.

మొదటి సీసాలో క్రోమియం లీటరుకు 1.43 మిల్లీగ్రాములని చూపించింది మిషను. తాగే నీళ్లలో 0.05 దాటకూడదు. హైమావతి భయంతో అంకె మరోసారి చూసుకుంది. రెండో సీసా 1.43. మూడోది 1.43. పదో సీసాకి భయం పోయి అనుమానం మొదలైంది. ముప్పై ఏడో సీసాకి అనుమానం కూడా పోయి నీరసం వచ్చింది. మిషనే తప్పు చూపిస్తోందేమోనని డిస్టిల్డ్ వాటర్ పోసి చూసింది. సున్నా. మిషను మీద ఏ తప్పూ లేదు.

నిజానికి ఆ మిషను వచ్చి రెండేళ్లయింది. రిబ్బను కత్తిరించే పెద్దమనిషి దొరక్క అన్నాళ్లూ చెక్కపెట్టెలోనే ఉంది. అప్పటిదాకా కేంద్రంలో నీళ్ల ఉప్పదనం, గట్టిదనం మాత్రమే చూసేవాళ్లు. ఆ రెండూ ఏ ఊరివి ఆ ఊరికి వేరుగా, ఏటా ఇంచుమించు అలాగే వచ్చేవి. అందుకు కేంద్రానికి నిలకడైన పనితీరు అవార్డు కూడా వచ్చింది. దాన్ని జాయింట్ డైరెక్టర్ గదిలో గోడకు తగిలించారు.

కేంద్రం ఉన్నది పట్టణం చివర పారిశ్రామికవాడలో. సైకిల్ బెల్లులకు, మోటారు సైకిల్ హ్యాండిళ్లకు తళతళలాడే పూత వేసిన పాత కార్ఖానా అది. కార్ఖానా మూతపడ్డాక గోడలకు సున్నం కొట్టి, బోర్డు మార్చి, ఆఫీసు పెట్టారు. విశాలమైన ఆవరణ, వెనకవైపు నడివేసవిలో కూడా ఎండని బోరు. పదకొండేళ్లుగా హైమావతి ఆ బోరు నీళ్లే తాగుతోంది. ఆఫీసు టీ కూడా ఆ నీళ్లతోనే.

ఇక ఊళ్ల నుంచి నీళ్లు పట్టుకొచ్చేది భిక్షపతి. యాభై దాటిన మనిషి, మిగతా రోజుల్లో ఆఫీసు అటెండరు. మూడు నెలలకోసారి, తెల్లారకముందే మోపెడ్ మీద ముదురు గోధుమరంగు ఖాళీ సీసాలు వేసుకుని వెళతాడు. పదకొండింటికల్లా ముప్పై ఏడు సీసాలూ నింపి, సీలు వేసి, హైమావతి బల్ల మీద వరసగా పెడతాడు. ఆరేళ్లుగా ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. భుజాన ఒక ఖాకీ సంచీ. అందులో సీలు వేసే లక్క, సున్నం డబ్బీ, ఉప్పు పొట్లం. సున్నం తాంబూలానికనీ, ఉప్పు దారిలో జామకాయల్లో నంజుకోవడానికనీ హైమావతి అనుకునేది.

ఆమె రిపోర్టు పట్టుకుని జాయింట్ డైరెక్టర్ గదికి వెళ్లింది.

జాయింట్ డైరెక్టర్ పురంధర్ గారు కాగితం చూశారు. కళ్లజోడు తీసి మళ్లీ చూశారు. ఆయన ముఖంలో హైమావతి ఎదురుచూసిన కంగారు లేదు. పిల్లవాడికి ర్యాంకు వచ్చిన తండ్రి ముఖంలా వెలిగిపోయింది.

"మీరు దీన్ని కాలుష్యం అనుకుంటున్నారు. ఇది ఏకరూపత. ముప్పై ఏడు బావులను ఒకే ప్రమాణం కిందికి తీసుకురావాలని మన శాఖ ఎన్నాళ్లుగానో ప్రయత్నిస్తోంది. భూమాత తనంతట తాను సహకరించింది."

హైమావతి మెల్లగా తన అనుమానం చెప్పింది. ఒక ఊరికీ ఇంకో ఊరికీ నలభై కిలోమీటర్ల దూరం, మధ్యలో గుట్టలు, ఒక వాగు. చుక్క తేడా లేకుండా అన్నిట్లోకీ ఒకే విషం ఎలా చేరుతుంది? భూమి అడుగున గుట్టలుండవని పురంధర్ గారు సమాధానమిచ్చారు. పోనీ, తాను స్వయంగా వెళ్లి ఒక్క బావి నీళ్లు తెచ్చి చూస్తానంది.

ఆయన సొరుగులోంచి నిబంధనల పుస్తకం తీసి పద్నాలుగో నిబంధన చదివి వినిపించారు. నీటిని పరీక్షించువారు సదరు నీటి వనరును దర్శించరాదు. దర్శించినచో అభిప్రాయము ఏర్పడును. అభిప్రాయము ఏర్పడినచో పరీక్ష నిష్పాక్షికము కాజాలదు.

"పదకొండేళ్ల సర్వీసులో మీరు ఒక్క బావి కూడా చూడలేదంటే, అది మీ నిష్పాక్షికత" అన్నారు పురంధర్ గారు. "దాన్ని ఇప్పుడు పోగొట్టుకోకండి."

రిపోర్టు మీద సంతకం ఆమెదే కావాలి. పెట్టింది.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. సదరు బావులన్నిటికీ తక్షణమే తాళము వేయవలెను. ఉత్తర్వు బాగానే ఉంది కానీ బావికి తలుపు ఉండదు. తలుపు లేనిదానికి తాళం వెయ్యడమెలా? ఈ ప్రశ్న మీద ఒక పూట చర్చ జరిగింది. చివరికి ప్రతి బావికీ ఇనుప మూత చేయించి, మూతకు గొళ్లెం బిగించి, గొళ్లేనికి తాళం వేశారు. ముప్పై ఏడు తాళంచెవులూ పురంధర్ గారి సొరుగులోకి చేరాయి.

మూడో రోజు పొద్దున ఎర్రగుంటపల్లి సర్పంచ్ లచ్చవ్వ వచ్చింది. అరవై ఏళ్ల మనిషి, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. వెంట నలుగురు ఆడవాళ్లు, నెత్తిన ఖాళీ బిందెలు. వాళ్ల ఊరికి ఆ ఒక్క బావే. దాన్ని మూసేస్తే రెండు మైళ్ల అవతల వాగు, అదీ ఎండిపోయింది.

"ఇన్నేండ్లు తాగినం, మాకు ఏం కాలే" అంది లచ్చవ్వ. "మొన్న మీ కాయితం వచ్చింది. నిన్న తాళం పడ్డది. ఇయ్యాల ఊరంత దూపతోని అల్లాడుతున్నది సారూ."

"అమ్మా, మీకు ఏమీ కాలేదన్నది మీ అభిప్రాయం. మా దగ్గర ఉన్నది ఆధారం" అన్నారు పురంధర్ గారు.

"ఆధారం తాగుతరా సారు?"

పురంధర్ గారు ఆ మాటను ఫైల్లో రాయించలేదు. ప్రత్యామ్నాయ జల సరఫరా గురించి ఉన్నతస్థాయి సమావేశం ఏర్పాటు చేస్తున్నామని చెప్పి పంపించారు. పోతూ పోతూ లచ్చవ్వ హైమావతి బల్ల దగ్గర ఆగింది. రిపోర్టు మీద సంతకం ఎవరిదో ఆమెకు ఎవరో చెప్పినట్టుంది.

"నువ్వు మా బాయి చూసినవా బిడ్డా?"

లేదని తలూపింది హైమావతి.

"మంచిగున్నది" అని వెళ్లిపోయింది లచ్చవ్వ. అది ఆమె తన బావి గురించి అందో, హైమావతి జవాబు గురించి అందో అర్థం కాలేదు.

సమావేశం జరిగింది. ట్యాంకర్లతో నీళ్లు పంపాలన్నారు. ఎక్కడి నీళ్లు? దానికీ నిబంధన ఉంది: ప్రతికూల నివేదిక లేని వనరు నుండి మాత్రమే నింపవలెను. జాబితా తెరిచారు. జాబితాలో ఉన్న వనరులు ముప్పై ఏడు. ముప్పై ఏడింటి మీదా ప్రతికూల నివేదికే. జిల్లా మొత్తం మీద ప్రతికూల నివేదిక లేని నీటి వనరు ఏదీ? గదిలో అందరూ తలలు గోక్కున్నారు. ఎదురుగా బల్ల మీద స్టీలు గ్లాసుల్లో నీళ్లున్నాయి. పురంధర్ గారి చూపు ఆ గ్లాసుల మీద పడింది.

"మన బోరు" అన్నారాయన.

నిజమే. కేంద్రం వెనకాల ఉన్న బోరు మీద ఏ ప్రతికూల నివేదికా లేదు. అనుకూల నివేదిక కూడా లేదు. అసలు దాన్ని ఎప్పుడూ పరీక్షించలేదు. పరీక్షించరాదు కూడా. పర్యవేక్షించు సంస్థ తన్ను తాను పర్యవేక్షించుకొనరాదని ఇరవై రెండో నిబంధన. కనుక జాబితాలో దానికి నంబరు లేదు. నంబరు లేనిదానికి దోషం ఎలా వస్తుంది? తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఏదో భళ్లుమంది. టీ ట్రే పట్టుకుని నిలబడ్డ భిక్షపతి చేతుల్లోంచి ట్రే జారింది. జ్వరమా అని ఎవరో అడిగారు. కాదన్నాడు. సారుకు ఒక మాట చెప్పుకోవాలన్నాడు. చెప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే సక్రమ మార్గంలో, దరఖాస్తు రూపంలో సమర్పించుకోమన్నారు పురంధర్ గారు. భిక్షపతి పగిలిన కప్పుల పెంకులు ఏరుకుని వెళ్లిపోయాడు.

ఆ వారం నుంచి రోజూ తెల్లవారి ఆరింటికి కేంద్రం ఆవరణలో ట్యాంకర్లు బారులు తీరేవి. ముప్పై ఏడు ట్యాంకర్లు, ఒక్కో దాని మీద పచ్చరంగు అక్షరాలతో 'ధ్రువీకృత జలం'. బోరు ఎంత తోడినా తరిగేది కాదు. పట్టణం నుంచి ఒక విలేకరి వచ్చి ఫొటో తీసుకుని, వట్టిపోని వనరు అని రాసుకుపోయాడు. పురంధర్ గారు ఈ పథకానికి 'ఇంటింటికీ మన నీరు' అని పేరు పెట్టారు.

పది రోజులకు లచ్చవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో గాజు సీసా. మామిడికాయ పచ్చడి పెట్టుకునే సీసా, కడిగి తెచ్చింది. అందులో ట్యాంకరు నీళ్లు. కిటికీ వెలుతురుకు పట్టుకుంటే లేత పసుపు రంగు స్పష్టంగా కనబడుతోంది. మీవి స్టీలు గ్లాసులు గాబట్టి మీకు కానరాదని ఆమె అంది. పిల్లలకు ఒంటి మీద దద్దులు లేస్తున్నాయనీ, నీళ్లు నోట్లో పోసుకుంటే నాణెం చప్పరించినట్టుందనీ చెప్పింది.

ఆ సీసా స్వీకరించడానికి వీల్లేదన్నారు పురంధర్ గారు. దానికి సీలు లేదు. సేకరణ పత్రం లేదు. నియమిత సేకర్త తీసుకురాలేదు. పైగా పచ్చడి వాసన వస్తోంది. రంగు సంగతంటారా, క్రిమిరహితమైన నీటికి కొంత తేజస్సు ఉంటుందన్నారు.

లచ్చవ్వ సీసాను హైమావతి బల్ల మీద పెట్టి, "వద్దంటే పారబొయ్యి బిడ్డా" అని వెళ్లిపోయింది.

హైమావతి పారబొయ్యలేదు.

అదే రోజు మరో సంగతి జరిగింది. ట్యాంకర్ల వల్ల కలిగిన మేలును లెక్కగట్టాలని ప్రత్యేక సేకరణకు ఉత్తర్వు వచ్చింది. తాళాలు వేసిన ముప్పై ఏడు బావుల నుంచి మళ్లీ నీళ్లు తేవాలి. తాళంచెవులు మాత్రం ఎవరూ అడగలేదు. పదకొండింటికి ముప్పై ఏడు సీసాలూ బల్ల మీదికి వచ్చాయి.

హైమావతి వాటిని వరసగా లెక్కపెట్టింది. మూతకు తాళం ఉంది. తాళంచెవి సొరుగులో ఉంది. నీళ్లు సీసాలో ఉన్నాయి.

పరీక్ష మొదలుపెట్టింది. ఉప్పు ఏ ఊరిది ఆ ఊరికే వేరుగా, పాత రిజిస్టరుకు సరిపోతూ వచ్చింది. గట్టిదనం కూడా అంతే. క్రోమియం మాత్రం 1.43, 1.43, 1.43. ముప్పై ఏడూ అయ్యాక పచ్చడి సీసా మూత తీసింది. దాని మీద అంటించడానికి నంబరు లేదు. 38 అని పెన్సిలుతో రాసింది.

1.43.

తన బల్ల మీది స్టీలు గ్లాసులో సగం తాగి వదిలేసిన నీళ్లున్నాయి. అవి కూడా పోసింది. 1.43. ఉప్పు మామూలు. గట్టిదనం మామూలు. ఈ కార్ఖానాలో ఒకప్పుడు సైకిల్ బెల్లులకు వేసిన తళతళలాడే పూత క్రోమియందే.

అప్పుడు ఆమె కళ్లు మూలన వేలాడుతున్న ఖాకీ సంచీ మీద పడ్డాయి. సున్నం డబ్బీ. ఉప్పు పొట్లం. ఈ ఆరేళ్లలో భిక్షపతి తాంబూలం వేసుకోగా ఆమె ఎన్నడూ చూడలేదు. జామకాయ తినగా చూడలేదు.

ఆమె ఒక్క అంగలో పురంధర్ గారి గదిలో ఉంది. ట్యాంకర్లు ఆపించమంది. ముప్పై ఎనిమిదో సీసా ఫలితం చూపించింది. ఆయన ఆసాంతం ఓపిగ్గా విన్నారు.

"ముప్పై ఎనిమిదో నంబరు మన జాబితాలో లేదు. లేని నంబరుకు ఫలితం ఎలా వస్తుంది? ఇక మీ గ్లాసు సంగతి. మీరు ఇరవై రెండో నిబంధన ఉల్లంఘించారు. ఆ విషయం నేను మరిచిపోతాను. మీరూ మరిచిపోండి."

రెండోసారి పరీక్షలో కూడా బావులన్నీ 1.43 చూపించాయి కనుక ప్రమాదం తగ్గలేదనీ, అంచేత ఊరికి రెండేసి ట్యాంకర్లు పంపాలనీ ఆయన అప్పటికే ఉత్తర్వు రాసేశారు. పైగా మర్నాడు పొద్దున ఎర్రగుంటపల్లి బడి ఆవరణలో కృతజ్ఞతా సభ.

భిక్షపతి వెనకాల బోరు గట్టున కూర్చుని ఖాళీ సీసాలు కడుగుతున్నాడు. హైమావతి వెళ్లి ఎదురుగా నిలబడింది. పచ్చడి సీసాను అతని ముందు పెట్టింది. అతను దాని మీది పెన్సిలు అంకె చూశాడు. తల ఎత్తలేదు.

"రేపు సభ అయినంక చెప్త మేడమ్."

"రేపు పొద్దునకి డెబ్బై నాలుగు ట్యాంకర్లు పోతాయి భిక్షపతన్నా. ఆ పిల్లల ఒళ్లు చూశావా నువ్వు?"

అతను సీసా కడుగుతూనే ఉన్నాడు. కడిగిందే కడుగుతున్నాడు.

సభకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చారు. కృతజ్ఞతతో కాదు, ఆ రోజు ట్యాంకరు అక్కడికే వస్తుందన్నారు గనుక బిందెలతో వచ్చారు. వేదిక పక్కనే ఇనుప మూత వేసిన బావి. ముందు వరసలో లచ్చవ్వ. హైమావతి పచ్చడి సీసా ఒళ్లో పెట్టుకుని చివర కూర్చుంది. ఇవాళ భిక్షపతి నోరు విప్పకపోతే తానే మైకు అందుకోవాలని నిర్ణయించుకుంది. ఉద్యోగం సంగతి తర్వాత.

పురంధర్ గారు మాట్లాడారు. ఏ దేశంలోనూ, ఏ కాలంలోనూ ఇంత కచ్చితమైన కాలుష్యాన్ని ఎవరూ కనిపెట్టలేదన్నారు. ఈ కచ్చితత్వం వెనక ఉన్న నిస్వార్థ సేవకుడిని సన్మానించుకుందామన్నారు. ఆరేళ్లుగా ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యని భిక్షపతిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. జనం చప్పట్లు కొట్టలేదు. చేతుల్లో బిందెలున్నాయి.

తర్వాత, ధ్రువీకృత జలం మీద ప్రజలకు నమ్మకం కలిగించడానికి ఆయన స్వయంగా తాగి చూపిస్తానన్నారు. పళ్లెంలో గాజు గ్లాసు వచ్చింది. ఆఫీసులో గాజు గ్లాసు వాడకం లేదు, సభ కోసం తెప్పించారు. ఎండలో నీళ్లు పసుపుపచ్చగా మెరిశాయి. పురంధర్ గారు ఒక్క క్షణం ఆగారు. నిమ్మరసమా అని పక్కనున్న వాళ్లను మెల్లగా అడిగారు. కాదన్నారు. గ్లాసు పెదవుల దగ్గరికి వెళ్లింది.

భిక్షపతి శాలువా తీసి మడతపెట్టి కుర్చీలో పెట్టాడు. మైకు అందుకున్నాడు.

"సారు, ముందుగాల ఆ గిలాస కింద పెట్టున్రి. నాకు ముచ్చట చెప్పుడు రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్త. ఆరేండ్ల కింద ఒక కాయితం వచ్చింది. ముప్పై ఏడు బాయిల నీళ్లు ఒక్క దినమే, పొద్దుగాల ఆరింటి నుంచి పదకొండు లోపల తేవాలె అని. నాకున్నది ఒక్క మోపెడు. గీ ఊరికి గా ఊరికి నడుమ గుట్ట, వాగు. నాతోని కాదు సారు అని దరఖాస్తు పెట్టిన. మూడు నెలలకు జవాబు వచ్చింది, వీలు చూసుకొని అమలుపరచవలెను అని. నేను వీలు చూసుకున్న.

"ఆఫీసు ఎనక బోరు కాడ కూసొని ముప్పై ఏడు సీసలు ఆడనే నింపిన. అన్నీ ఒక్కతీరుగుంటే మేడమ్ పట్టుకుంటదని, రిజిస్టరుల పాత లెక్కలు చూసి ఉప్పునీళ్ల ఊరికి చిటికెడు ఉప్పు, గట్టినీళ్ల ఊరికి ఇంత సున్నం కలిపిన. ఒక ఊరి ఉప్పు ఇంకో ఊరికి ఎన్నడు ఎయ్యలే, గా ఇమానం తప్పలే. ఆరేండ్లు ఒక్క రిపోర్టు చెడిపోలే, సారుకు అవార్డు గూడ వచ్చింది. కొత్త మిషిను ఇంకేందో చూస్తదని నాకెవ్వలు చెప్పలే. మీ బాయికి తాళం ఏయించిన విషం మా బోరుది. దాన్నే ట్యాంకర్లల్ల పోసి మళ్ల మీకు తాపుతున్నం. ట్రే కింద పడ్డ దినమే దరఖాస్తు రాసిన. ఎవ్వల చేతికియ్యాల్నో తెల్వక జేబుల పెట్టుకొని తిరుగుతున్న. ఇగో, చెమటకు అక్షరాలు పోయినయ్. ఆ పోయిన అక్షరాలే మీ పిల్లల ఒళ్ల మీద దద్దులై లేచినయి."

పురంధర్ గారి చేతిలో గ్లాసు ఇంకా గాలిలోనే ఉంది. లచ్చవ్వ లేచి నిలబడింది. అరవలేదు. తాళం వేసిన బావి వైపు చెయ్యి చూపించి, మెల్లగా అడిగింది. "అయితే మా బాయి నీళ్లు మంచియేనా భిక్షపతీ? చెప్పు, తాళం పలగ్గొట్టి ఇప్పుడే తోడుకుంటం."

భిక్షపతి ఆ ఇనుప మూత వంక చూశాడు.

"అది నన్నడగకు లచ్చవ్వా. మంచియో చెడ్డయో నాకు తెల్వది. మేడమ్‌కు తెల్వది, సారుకు తెల్వది. ఆరేండ్ల రిపోర్టులల్ల ఉన్నదంత మా బోరు ముచ్చటే. మీ బాయిల నేను ఒక్కనాడు గూడ సీసా ముంచలే."